ఆగాకే చెయ్యి

వంటింటి అలమారా తలుపుకి అంటించిన ఆ కాగితం చూసినప్పుడల్లా మేస్త్రికి ఒళ్లు మండేది. పిల్లల ఆసుపత్రి నర్సు రాసిచ్చిన కాగితం అది. ఒకటి, పళ్లెంలో పిండి. రెండు, రకరకాల గుడ్డ ముక్కలు. మూడు, టబ్బులో నీళ్లు, గ్లాసులు. నాలుగు, బియ్యంలో దాచిన పెద్ద చెంచాలు. ఐదు, తడి స్పాంజి. అన్నిటి కిందా ఎర్ర సిరాతో గీత కొట్టి, "పిల్ల చేత్తో ముట్టుకుని ఆడాలి. పెద్దవాళ్లు పక్కనే కూర్చోవాలి. నీళ్ల దగ్గర ఒక్క క్షణం కూడా వదిలి వెళ్లకూడదు" అని రాసి ఉంది.

ఐదో తరగతితో బడికి దండం పెట్టినవాడు కాబట్టి మేస్త్రి దాన్ని కూడబలుక్కుని చదివాడు. చదివాక ఇంకా మండింది.

"పిండిలో చెయ్యి పెట్టడం కూడా ఒకళ్లు రాసివ్వాలా? మా అమ్మ మమ్మల్ని ఏడుగురిని కాగితం చూసుకునే పెంచిందా?"

"ఆ ఏడుగురూ పొద్దస్తమానం మట్టిలోనే ఉన్నారు నాన్నా. ఇది చెయ్యి పెట్టడం లేదు. అదీ గొడవ" అంది కూతురు, అద్దం ముందు జడ వేసుకుంటూ.

ఆ "ఇది" గది మధ్యలో నిలబడి ఉంది. ఏడాదిన్నర పిల్ల. రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, పొట్ట ముందుకు పెట్టి, తల్లి హడావుడిని తాపీగా పరిశీలిస్తోంది. బొమ్మ అందిస్తే పుచ్చుకోదు. బంతి దొర్లిస్తే వెనక్కి తగ్గుతుంది. బిస్కెట్టు చేతికిస్తే మొహం తిప్పుకుంటుంది, అదే పళ్లెంలో పెడితే మాత్రం కాసేపు చూసి తీసుకుంటుంది. ఆ నిలబడే తీరు చూసి మేస్త్రి దానికి ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు పెట్టాడు. అసలు పేరు ఆసుపత్రి పుస్తకంలో మాత్రమే మిగిలింది.

"నా బంగారం కదూ, రావే, ఒక్క ముద్దు" అంటూ కూతురు చేతులు చాపి గబగబా వచ్చింది. పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది. చేతులు వీపు వెనకే ఉన్నాయి. కూతురి చేతులు కాసేపు అలాగే గాల్లో ఉండి, చేసేదేమీ లేక భుజాన సంచీ సర్దుకున్నాయి.

"చూశావా? నీ ఒళ్లోకైతే పిలవకుండా ఎక్కుతుంది. నన్ను చూస్తే అద్దె వసూలుకొచ్చినదాన్ని చూసినట్టు."

"రోజంతా కళ్లెదురుగా ఉండేవాణ్ని నేను. నువ్వొచ్చేసరికి దానికి నిద్ర ముంచుకొస్తుంది. పసిది, దానికేం తెలుస్తుంది" అన్నాడు మేస్త్రి. ఓదార్పుగానే అన్నాడు. కానీ లోపల ఒక మూల, పిల్ల నాదే అన్న చిన్న గర్వం పిల్లిలా ఒళ్లు విరుచుకుంది. దాన్ని అతను అదిలించలేదు.

కూతురు చెప్పులు తొడుక్కుని గుమ్మంలో ఆగింది. "వచ్చే బుధవారం మళ్లీ చూపించాలి నాన్నా. ఈ లోపు ఏ మార్పూ లేకపోతే క్రెష్‌లో వేయమంది నర్సు. పదిమంది పిల్లల మధ్య ఉంటే చెయ్యి కదుపుతుందట. ఫారం నింపేశాను. సంతకమే బాకీ."

"పొద్దుట్నుంచీ సాయంత్రం దాకానా?"

"ఎనిమిదిన్నర నుంచి ఐదున్నర దాకా."

అంటే పూర్తి షిఫ్టు. మేస్త్రి షిఫ్టు.

మందుల షాపులో కూతురికి తొమ్మిదింటికి డ్యూటీ. అల్లుడు లారీ మీద ఉంటాడు, పదిరోజులకోసారి వచ్చి ఒక పూట నిద్రపోయి వెళ్తాడు. ఏడు నెలల క్రితం కూతురు మళ్లీ ఉద్యోగంలో చేరినప్పుడు, పిల్లను చూసుకోవడానికి మేస్త్రి ఒక ఇనప్పెట్టెతో ఈ రెండు గదుల ఇంటికి వచ్చాడు. రమ్మని కూతురు పిలిచిందని అందరికీ చెప్పాడు. నిజానికి అంతకు ముందు ఏడాదిన్నరగా అతనికి పొద్దున లేస్తే వెళ్లడానికి చోటంటూ లేదు. ముప్ఫై నాలుగేళ్లు పంపు సామాన్లు తయారుచేసే వర్క్‌షాపులో, ఇనుము తిప్పి కోసే లేత్ మిషన్ మీద పనిచేశాడు. గోటితో రాసి చూసి, ఇంకా వెంట్రుక మందం తీయాలి అని చెప్పేవాడు. కొలిచి చూస్తే సరిగ్గా అంతే ఉండేది. ఒకరోజు ఓనరు ఒక కొత్త మిషన్ దింపాడు. అంకెలు నొక్కితే అదే కోసుకుంటుంది, అదే ఆగుతుంది. "ఇంక రెస్టు తీసుకో మేస్త్రీ" అన్నాడు ఓనరు, చాలా ప్రేమగా. ఆ ప్రేమ తలుచుకుంటే మేస్త్రికి ఇప్పటికీ అన్నం సహించదు.

అందుకే పిల్ల బాధ్యత దొరికినప్పుడు దాన్ని డ్యూటీలాగే చేశాడు. తొమ్మిదిన్నరకు పాలు, పదకొండుకు స్నానం, పన్నెండుకు మెత్తగా కలిపిన అన్నం, ఒంటిగంటకు నిద్ర. ఏడు నెలల్లో పిల్ల ఒంటి మీద ఒక్క గీత పడనివ్వలేదు. అలాంటి మనిషిని కాదని, ఇప్పుడు పిల్లను పదిమందిలో వేస్తే బాగుపడుతుందట!

కూతురు మెట్లు దిగిన చప్పుడు ఆగాక మేస్త్రి రోజూలాగే ఇంటి పనుల చిట్టా మొదలుపెట్టాడు. ముందు టేబుల్ ఫ్యాన్ స్విచ్ ఆపాడు. తాతా మనవరాలూ దాని ఎదురుగా నిలబడి, రెక్కలు నెమ్మదించి, ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించి, చివరికి నిలిచిపోయేదాకా చూశారు.

"ఆగిందా?" అన్నాడు మేస్త్రి.

"ఆగీ" అంది ఇన్‌స్పెక్టరమ్మ. దానికి వచ్చిన మాటలు నాలుగే. అందులో అదొకటి.

"శభాష్" అని ఫ్యాన్ తీసి గోడవార పెట్టాడు.

మొదటి రోజు పిండి. మేస్త్రి పెద్ద స్టీలు పళ్లెం నేల మీద పెట్టి, జల్లెడ పట్టాడు. పని అన్నాక పద్ధతిగా చేయాలి కదా. "చూడవే, ఎంత మెత్తగా రాలుతోందో! చెయ్యి పెట్టు. పెట్టవే తల్లీ, నీ నర్సు పెట్టమంది." జల్లెడ ఊపుతూనే ఉన్నాడు. పిండి రాలుతూనే ఉంది. మేస్త్రి మీసం తెల్లబడింది, చొక్కా తెల్లబడింది. పిల్ల మాత్రం అడుగు దూరంలో చేతులు కట్టుకుని, నాణ్యత బాగానే ఉంది అన్నట్టు చూస్తోంది. ప్యాకెట్టు ఖాళీ అయ్యాక అతను విసుక్కుంటూ లేచి, జల్లెడ రెండడుగుల అవతల సింకులో పడేసి వచ్చాడు. వచ్చేసరికి పిండిలో ఒక వారగా చిన్న గుంటలు నాలుగు కనిపించాయి. పిల్లి తొక్కి ఉంటుందనుకున్నాడు. మేడ మీది ఆ ఇంటికి ఏ పిల్లీ రాదని అతనికి సాయంత్రం గానీ తోచలేదు. తోచినా, దాని సంగతి తర్వాత చూద్దాంలే అనుకుని వదిలేశాడు.

మూడోరోజు గుడ్డ ముక్కలు. కింద వాటాలో టైలరు ఉన్నాడు. మేస్త్రి ఈడువాడే. ఈ ఏడు నెలల్లో పరిచయం ముదిరి బావా అని పిలుచుకునే దాకా వచ్చింది. పిల్లను చంకనేసుకుని వెళ్లి అడిగితే, మిషన్ కింది బుట్టలోంచి గుప్పెళ్లతో తీసిచ్చాడు. వెల్వెట్, తువ్వాలు గుడ్డ, పట్టు, గోనె, జీన్స్ ప్యాంటు కాలు ముక్క.

"ఇదిగో ఇది మెత్తన" మేస్త్రి వెల్వెట్ ముక్క పిల్ల ముక్కు ముందు ఆడించాడు. పిల్ల వెనక్కి తగ్గింది. "ఇదిగో ఇది గరుకు." గోనె ముక్క ఊపాడు. ఇంకో అడుగు వెనక్కి. అలా ఊపుతూ ఊపుతూ దాన్ని షాపు గోడ దాకా తరిమాడు.

టైలరు కత్తెర పక్కన పెట్టి నవ్వాడు. "బేరం కుదరట్లేదు బావా. సరుకు నచ్చలేదు ఆవిడకి."

"నీకు నవ్వులాటగా ఉంది. బుధవారం తర్వాత పిల్ల ఇంట్లో ఉండదు, తెలుసా?"

"అయ్యో, నవ్వడం నిన్ను చూసి కాదయ్యా, మీ ఇద్దర్నీ చూసి. అచ్చం నీలాగే నిలబడుతుంది. మీరిద్దరూ పక్కపక్కన నిలబడితే, పెద్ద ఆఫీసరూ చిన్న ఆఫీసరూ తనిఖీకి వచ్చారేమోనని నాకు గుండె దడ."

మేస్త్రి కిందికి చూసుకున్నాడు. గుడ్డ ముక్కలు బల్ల మీద పడేశాక, తన చేతులు ఎప్పుడు వెళ్లాయో, వీపు వెనక ఉన్నాయి.

"అలవాటు" అన్నాడు.

"ఎవరి అలవాటు?" అన్నాడు టైలరు. జవాబు కోసం చూడకుండా మిషన్ తొక్కాడు. మిషన్ చక్రం తిరగగానే పిల్ల గోడకు అతుక్కుపోయింది. మేస్త్రికి ఆ వేళాకోళం నచ్చలేదు. పిల్లనెత్తుకుని మెట్లెక్కాడు.

బియ్యంలో దాచిన చెంచాలు కూడా అయ్యాయి. మేస్త్రి బియ్యం గలగలలాడించాడు, చెంచాలు టంగుటంగుమనిపించాడు, చివరికి తనే అన్ని చెంచాలూ వెతికి తీశాడు. రాత్రి కూతురు, "ఈరోజేమైనా?" అని అడిగితే, "నేను బాగానే ఆడాను" అన్నాడు. కూతురు నవ్వలేదు. సంచీలోంచి క్రెష్ ఫారం తీసి, మడతలు సరిచేసి, మళ్లీ లోపల పెట్టుకుంది.

శనివారం నీళ్లు. స్నానాల గది గచ్చు మీద ప్లాస్టిక్ టబ్బు పెట్టి, జానెడు లోతు నీళ్లు పోసి, పక్కనే చతికిలబడ్డాడు. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి వంపాడు, చెంబుతో ఎత్తి పోశాడు, అరచేత్తో తపతప కొట్టాడు. పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. చేతులు ఎక్కడున్నాయో వేరే చెప్పక్కర్లేదు.

"నీతో నావల్ల కాదే" అన్నాడు చివరికి. నడుం పట్టేసింది. గ్లాసులు నేల మీద బోర్లించి, గోడకు చేరగిలబడి, కాళ్లు బారజాపుకున్నాడు. టబ్బు చేతికందే దూరంలోనే ఉంది. ఆ మాత్రం జాగ్రత్త అతనికి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. మాట్లాడటం మానేసి ఊరికే కూర్చున్నాడు. కుళాయి చివరి బొట్టు రాలింది. టబ్బులో నీళ్లు అటూ ఇటూ ఊగి, అంచుల్లో చిన్నగా వణికి, అద్దంలా నిలిచిపోయాయి. పైన కిటికీ చతురస్రం అందులో పడింది.

పిల్ల లోపలికి వచ్చింది. టబ్బు అంచు దగ్గర గొంతుకు కూర్చుని, నీళ్లను ఇటు నుంచీ అటు నుంచీ చూసింది.

"ఆగీ" అంది.

కుడి చెయ్యి వీపు వెనక నుంచి వచ్చింది. వేళ్లు విప్పుకుంది. అరచెయ్యి మొత్తం, మణికట్టు దాకా, నీళ్లలో పెట్టింది.

నీళ్లు కదిలాయి, కిటికీ చెదిరింది. పిల్ల చటుక్కున చెయ్యి లాక్కుని వీపు వెనక పెట్టుకుంది. వేచి ఉంది. నీళ్లు నిలిచాయి. "ఆగీ." మళ్లీ చెయ్యి. మళ్లీ కదలిక. మళ్లీ చేతులు వెనక్కి. విసుగు లేకుండా, తొందర లేకుండా, ఎన్నిసార్లో. దాని మొహంలో భయం అన్నది మచ్చుకైనా లేదు. పని తెలిసిన మనిషి పని చేసుకుంటున్నట్టుంది.

మేస్త్రి గోడ వదిలి నిటారుగా కూర్చున్నాడు.

ఆ పని ఎక్కడిదో అతనికి తెలుసు. పదిహేడేళ్ల వయసులో, స్విచ్ ఆపేసిన లేత్ ఇంకా మెల్లగా తిరుగుతుండగా, త్వరగా ఆగుతుందని అరచేత్తో పట్టబోయాడు. చొక్కా చెయ్యి చుట్టుకుంది. కుడి చూపుడు వేలు రెండో కణుపు దగ్గర ముగిసిపోయింది. ఆ తర్వాత తన మిషన్ దగ్గరికి పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ మొదటి పాఠం అదే చెప్పాడు. చేతులు వెనక్కి. ఆగిందా? పూర్తిగా ఆగిందా? ఆగాకే చెయ్యి. నలభై మందికి పైగా నేర్పాడు. ఒక్కడి వేలు పోలేదు. బతుకులో అతను గర్వంగా చెప్పుకోదగ్గది అదొక్కటే.

నలభై మందీ ఆ పాఠాన్ని గేటు దగ్గరే వదిలి ఇంటికి వెళ్లేవాళ్లు. ఈ పిల్లకు గేటు లేదు. ఫ్యాను దగ్గర అదే, మిక్సీ దగ్గర అదే, బట్టల మిషన్ దగ్గర అదే, కుళాయి దగ్గర, తలుపు దగ్గర, దొర్లే గిన్నె దగ్గర, ఏడు నెలలుగా రోజుకు వందసార్లు అదే. చెప్పిన ప్రతిసారీ శభాష్ ఒకటి.

అయినా అతను పనివాడు. ఒక్కసారి చూసి ఒప్పుకోడు. పిల్ల చెయ్యి తుడిచి, టబ్బులో నీళ్లు పారబోసి, ముందుగదిలోకి తీసుకొచ్చాడు. ఖాళీ పాలడబ్బా దొర్లించాడు. చేతులు వెనక్కి. డబ్బా గోడకు తగిలి నిలిచింది. "ఆగీ." వెళ్లి పట్టుకుంది. వెల్వెట్ ముక్క ఊపాడు. వెనక్కి. నేల మీద పెట్టి తను దూరంగా జరిగాడు. వెళ్లి బుగ్గకు రాసుకుంది. పిండిలో గుంటలు చేసిన పిల్లి ఎవరో అప్పుడు తెలిసింది. తన ఒళ్లోకి పిలవకుండా ఎందుకు ఎక్కుతుందో కూడా తెలిసింది. ప్రేమా లేదు, గీమా లేదు. నడుం నొప్పితో రోజంతా కదలకుండా కూర్చునేది ఆ ఇంట్లో తనొక్కడే.

ఆ రాత్రి కూతురు అడిగితే, "కొంచెం కొంచెం ముట్టుకుంటోంది" అన్నాడు. అబద్ధం కాదు. మిగతాది నోట్లోనే ఉంచుకున్నాడు. ఎందుకంటే అతనికి దారి దొరికింది. బుధవారం నర్సు గదిలో ఏ వస్తువూ కదలకుండా చూసుకుంటే చాలు. పిల్ల అన్నీ ముట్టుకుంటుంది. ఫారం సంచీలోనే పాతబడుతుంది. ఈ పాడు అలవాటు ఎక్కడిదని అడిగేవాడు ఉండడు. మెల్లగా తనే మాన్పించుకుంటాడు. ఎవరికి నష్టం?

బుధవారం కూతురు షాపులో పూట సెలవు పెట్టింది. నర్సు గదిలో నేలంతా పలచటి పరుపు, చిన్న బల్ల, దాని మీద పళ్లెంలో బియ్యం, గిన్నెలో స్పాంజి, రంగు గుడ్డలు.

"రండి పెద్దాయనా, కూర్చోండి" అంది నర్సు.

"నాకు యాభై ఒకటే" అన్నాడు మేస్త్రి.

"సరే అయితే, నిలబడండి" అంది నర్సు. మేస్త్రికి ఆవిడ మీద కోపం కొంచెం తగ్గింది.

ఆవిడ బియ్యం పళ్లెం గలగలలాడించబోతే, "అమ్మా, కదపకండి. అలా పెట్టేయండి. దానికి చప్పుడు పడదు" అన్నాడు. నర్సు అతన్ని ఒకసారి చూసి, పళ్లెం వదిలేసింది. గదిలో పెద్దవాళ్లు ముగ్గురూ కదలకుండా ఉండిపోయారు. పిల్ల బల్ల చుట్టూ ఒక చుట్టు తిరిగింది. "ఆగీ" అంది. బియ్యంలో చెయ్యి ముంచింది. స్పాంజి నొక్కింది. గుడ్డ ముక్క తీసి నెత్తిన పెట్టుకుంది.

నర్సు కాగితం మీద టిక్కు పెట్టింది. ఇంకో టిక్కు. మేస్త్రి టిక్కులు లెక్కపెడుతున్నాడు. నాలుగో టిక్కు పడగానే నర్సు తలెత్తి, "రెండు వారాల్లో ఇంత మార్పు మేమూ తేలేం. ఏం చేశారు తాతగారూ?" అంది.

"కాగితంలో ఉన్నదే" అన్నాడు మేస్త్రి.

కూతురి మొహం విప్పారింది. "నా తల్లే! నా బంగారమే!" అంటూ కుర్చీలోంచి లేచి, చేతులు చాపి, నవ్వుతూ పిల్ల వైపు పరుగున వచ్చింది.

పిల్ల గుడ్డ ముక్క వదిలేసింది. రెండు చేతులూ వీపు వెనక్కి పోయాయి. ఒక అడుగు వెనక్కి వేసింది.

కూతురి అడుగు సగం దారిలోనే నెమ్మదించింది. "చూడండి" అంది నర్సుతో, నవ్వబోయి నవ్వలేక. "బియ్యం ముట్టుకుంది, స్పాంజి ముట్టుకుంది. నన్నే... ఉద్యోగమే వదిలేయాలేమో నేను. నన్ను మర్చిపోయింది."

ఇంకొక్క నిమిషం నోరు మూసుకుంటే ముగ్గురూ బస్సెక్కి ఇంటికి పోతారు. షిఫ్టు అతనిదే. మేస్త్రి తన కుడిచేతి వంక చూసుకున్నాడు. తర్వాత కూతురి చేతుల వంక చూశాడు. పదివేళ్లూ ఉన్న చేతులు. ఏడు నెలలుగా రోజుకు రెండుసార్లు గాల్లో ఖాళీగా నిలబడిపోతున్న చేతులు.

"అమ్మడూ, అక్కడే ఆగు" అన్నాడు.

"ఏంటి నాన్నా?"

"చేతులు దించకు. కూర్చో. అలాగే కూర్చుని కదలకు. మాట్లాడకు కూడా."

ఆ గొంతు కూతురికి తెలుసు. మిషన్ దగ్గర గొంతు. మోకాళ్ల మీద కూర్చుంది. చేతులు చాచి అలాగే ఉంచింది. కొంచెం వణికి, నిలిచాయి.

పిల్ల తల్లి చేతులు చూసింది. మోకాళ్లు చూసింది. చాలాసేపు మొహం చూసింది.

"ఆగీ" అంది.

చేతులు వీపు వెనక నుంచి వచ్చాయి. నాలుగు అడుగులు నడిచి వెళ్లి, రెండు అరచేతులూ తల్లి బుగ్గల మీద వేసింది. ముక్కు పట్టుకుంది. చెవి పోగు లాగింది. కూతురు కదల్లేదు. కళ్లలోంచి కారుతున్నవి మాత్రం ఆమె చెప్పుచేతల్లో లేవు. పిల్ల ఆ తడిని చూసి ఆలోచనలో పడింది.

"అది నిన్ను మర్చిపోలేదు" అన్నాడు మేస్త్రి, గోడ వైపు చూస్తూ. "నువ్వు పరుగెత్తుకొస్తావు. కదిలేదాన్ని ముట్టుకోకూడదని నేనే నేర్పాను." వేలు సంగతి, ఫ్యాను సంగతి, శభాష్‌ల సంగతి, అన్నీ చెప్పాడు. శనివారమే తెలిసిందని కూడా చెప్పాడు.

"శనివారం తెలిసింది" అంది కూతురు. "ఇవ్వాళ బుధవారం."

"ఊఁ."

"నేను నాలుగు రాత్రులు ఏడ్చాను నాన్నా."

లేత్ మీద ఎక్కువ కోసేసిన ముక్కకు మళ్లీ ఇనుము అతకదు.

నర్సు పెన్ను మూత పెట్టి, "పిల్లకు వంకేం లేదు" అంది. "మాట వినడం మరీ బాగా వచ్చింది, అంతే. అయినా క్రెష్‌కి పంపండి. పిల్లలు ఒక్కచోట ఆగరు కదా, వాళ్లే మాన్పిస్తారు. కానీ మధ్యాహ్నం దాకా చాలు. మిగతా పూట తాతగారే మాన్పించాలి. నేర్పినాయన ఆయనే కదా."

కూతురు అక్కడే, ఆ చిన్న బల్ల మీదే, ఫారం తీసి సంతకం పెట్టింది. ఐదున్నర కొట్టేసి ఒంటిగంట అని రాసింది. బస్సులో తండ్రితో ఒక్క మాట మాట్లాడలేదు. పిల్ల ఆమె ఒళ్లో పడుకుంది. దిగేటప్పుడు మాత్రం, "సంచీ పట్టుకో" అంది. మేస్త్రి పట్టుకున్నాడు.

క్రెష్‌లో చేరిన మూడోరోజు మధ్యాహ్నం, భోజనం అయ్యాక, మేస్త్రి వంటింటి సింకు ముందు స్టూలు వేసి దాని మీద పిల్లను నిలబెట్టి, నడుం చుట్టూ ఎడంచెయ్యి వేశాడు. కుళాయి సన్నగా తిప్పాడు. ధార పడుతోంది. పిల్ల చేతులు వెనక్కి పోయాయి. ఆగడం కోసం చూస్తోంది. చూసి చూసి తాత మొహం వంక తిరిగింది, నీ డ్యూటీ నువ్వు మర్చిపోయావా అన్నట్టు.

"ఇది ఆగదమ్మా" అన్నాడు. "ఇది ఆగక్కర్లేదు."

చెప్పడం తేలికే. కుడి చెయ్యి ధార కిందికి తీసుకెళ్లబోతే, మొండి వేలు దానంతటది ముడుచుకుంది. ముప్ఫై నాలుగేళ్లు కాపలా కాసిన చెయ్యి అది. ఒట్టి మంచినీళ్లకు జంకుతోంది. మేస్త్రికి నవ్వొచ్చింది, సిగ్గూ వచ్చింది. వేళ్లు విప్పి ధార కింద పెట్టాడు. నీళ్లు నాలుగున్నర వేళ్ల సందుల్లోంచి జారాయి. చల్లగా ఉన్నాయి. చెయ్యి కడుక్కున్నప్పుడు ఎప్పుడూ ఇలా తగల్లేదు.

"హమ్మ, ఎంత చల్లగా ఉందో!" అన్నాడు. ఆ మాట పిల్ల కోసం అన్నది కాదు.

పిల్ల అతని వేళ్లను చూసింది. పూర్తిగా ఉన్నవాటిని కాదు, ఆ సగం వేలిని. కుడి చెయ్యి మెల్లగా ముందుకు వచ్చింది. చూపుడు వేలు ఒక్కటే చాపి, ధారను అంచున ముట్టుకుంది. నీళ్లు పక్కకు చిమ్మి మేస్త్రి చొక్కా మీద పడ్డాయి. పిల్ల వేలు లాక్కుని, చూసుకుంది. ఉంది. మళ్లీ పెట్టింది.

ఎడం చెయ్యి మాత్రం ఇంకా వీపు వెనకే ఉంది. మేస్త్రి దాన్ని చూశాడు. ముందుకు లాగలేదు.

కింద టైలరు మిషన్ గిరగిరా తిరుగుతోంది. మెట్ల మీద కూతురి చెప్పుల చప్పుడు వినిపించింది. ఇవాళ మధ్యాహ్నం ఇంటికొచ్చి వెళ్తానంది పొద్దున. పిల్ల తల తిప్పి తలుపు వైపు చూసింది. తడి చెయ్యి ధారలోంచి తీసింది. మేస్త్రి ఆ చెయ్యి ఎటు పోతుందోనని చూస్తూ ఉండిపోయాడు. అది వీపు వెనక్కి పోలేదు. నీళ్లు కారుతూ, వేళ్లు విప్పుకుని, తలుపు వైపు గాల్లో ఆగింది.

అతను కుళాయి కట్టలేదు.